ధవళేశ్వరాన్ని లాకుల వైపు నుంచి చూడండి: కాటన్ బ్యారేజీ, మ్యూజియం, పడవ కాలువలపై సమీక్ష

రాజమహేంద్రవరం వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ధవళేశ్వరం బ్యారేజీ మీద బండి ఆపుతారు. గేట్ల ముందు ఫొటో దిగి, కాటన్ దొర విగ్రహానికి దండం పెట్టుకుని అరగంటలో వెళ్ళిపోతారు. ఆ అరగంటలో కనబడేది పొలాలకు నీళ్ళిచ్చే ఆనకట్ట. కాకినాడ నుంచి మద్రాసు దాకా ధాన్యపు పడవలను నడిపించిన ఆనకట్ట కూడా అదే. దాన్ని చూడాలంటే గేట్లు వదిలి, కాలువలోకి నీరు వదిలే హెడ్ స్లూయిస్ పక్కన, పడవలను ఒక మట్టం నుంచి మరో మట్టానికి ఎక్కించి దించే లాకు దగ్గరికి వెళ్ళాలి. ఈ సమీక్ష ఆ రెండో ఆనకట్ట కోసం వెళ్ళేవాళ్ళకు.

ముందు ఒక లెక్క. బ్యారేజీ వెనక నిలిచే నీళ్ళు సుమారు 2.93 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చే 10 లక్షల క్యూసెక్కుల (సెకనుకు అన్ని ఘనపుటడుగుల) వరద వస్తే, అంత నీరు 50 నిమిషాల్లోపే గేట్ల కిందుగా సముద్రానికి పోతుంది. నిల్వ పరంగా చూస్తే ఇది చిన్న జలాశయమే. దీని విలువ మట్టంలో ఉంది. ఎండాకాలంలో ఇసుక తిన్నెల మధ్య పాయలు పాయలుగా పారాల్సిన గోదావరిని, కాలువల తలకాయల్లోకి నీరెక్కేంత ఎత్తున నిలబెడుతుంది. నీరు కదలకుండా నిలబడింది కాబట్టే పడవ నదిని అడ్డంగా దాటగలిగింది. తూర్పు గట్టు కాలువలోంచి వచ్చిన పడవ ఈ మడుగులోకి ఎక్కి, అవతలి గట్టున విజ్జేశ్వరం దగ్గర మరో కాలువలోకి దిగేది. నీళ్ళ గిడ్డంగి అన్నదానికంటే కాలువల జంక్షన్ అన్నమాట దీనికి బాగా సరిపోతుంది.

ఆ దారిని పటం మీద గీసుకోండి, తర్వాత చూసేదంతా సులువుగా అర్థమవుతుంది. కాకినాడ నుంచి రాజమహేంద్రవరం దాకా కాకినాడ కాలువ, 50 కిలోమీటర్లు. మడుగు దాటాక ఏలూరు కాలువ, విజయవాడ దాకా 139. ఇక్కడొక విశేషం ఉంది. ఏలూరు కాలువ అంటే నిజానికి రెండు కాలువలు: గోదావరి నుంచి దిగి వచ్చేది ఒకటి, కృష్ణ నుంచి దిగి వచ్చేది ఒకటి. రెండూ ఏలూరు దగ్గర కలుస్తాయి. అంటే పడవ ఏలూరు దాకా పల్లానికి దిగి, అక్కడి నుంచి విజయవాడకు లాకుల మెట్లెక్కుతూ పోవాలి. విజయవాడలో కృష్ణ ఆనకట్ట మడుగు దాటితే కొమ్మమూరు కాలువ, పెదగంజాం దాకా 113 కిలోమీటర్లు. ఆపైన చెన్నై దాకా ఉత్తర బకింగ్‌హాం కాలువ, 316. మొత్తం 618 కిలోమీటర్లు, రెండు మహానదులను దాటుకుంటూ, సముద్రం మొహం చూడకుండా. 2008లో దీన్నే దక్షిణాన పుదుచ్చేరి దాకా పొడిగించి, భద్రాచలం నుంచి గోదావరినీ, వజీరాబాద్ నుంచి కృష్ణనూ కలిపి నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు.

బ్యారేజీ

స్టేషను నుంచి ధవళేశ్వరం ఎనిమిది కిలోమీటర్ల దూరం. బ్యారేజీ మీద రోడ్డుంది, అవతల విజ్జేశ్వరం దాకా వెళ్ళొచ్చు. ఇది ఒకే కట్టడం అనుకుని బయల్దేరితే మధ్యలో తికమక పడతారు. నది ఇక్కడ లంకల మధ్య నాలుగు పాయలు. తూర్పు నుంచి వరసగా ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం భాగాలు. మొదటి రెండింటి నడుమ పిచ్చుకలంక, తర్వాత బొబ్బర్లంక, ఆపైన మద్దూరు లంక. మొదటి రెండు భాగాల కింద పారేది గౌతమి, తర్వాతి రెండింటి కింద వశిష్ఠ. గేట్లు 70, 43, 23, 39. కలిపితే 175. ఈ అంకెలు తెలిసి నడిస్తే, ఎక్కడ ఏ పాయ మీద ఉన్నారో గేట్ల మీది నంబర్లే చెబుతాయి.

ఇప్పుడు కనబడే బ్యారేజీ 1970లో మొదలై 1982కి పూర్తయింది. కాటన్ ఆనకట్ట దానికి ముందుది, 1847 నుంచి 1852 మధ్య కట్టినది. ఎత్తు 12 అడుగులు, గేట్లు లేని రాతి కట్ట. వరదొస్తే నీరు దాని నెత్తిమీదుగా దూకేది. పునాదికి బండ దొరకని ఇసుక నదిలో అంత పొడవు కట్ట నిలబెట్టడమే ఆనాటి సాహసం. కావేరి మీద చోళులు కట్టిన కల్లణైని చూసి, ఇసుక మీద రాయి ఎలా నిలుస్తుందో కాటన్ నేర్చుకున్నాడు. రాయి ధవళేశ్వరం కొండదే. దాన్ని నది దాకా దించడానికి పట్టాలు కూడా వేశారు. పని నడిపించినవాళ్ళలో వీణం వీరన్న పేరు మరిచిపోకూడదు. వేలమంది కూలీలను కూడగట్టి, కాటన్‌కూ ఊళ్ళకూ మధ్య నిలబడినవాడు ఆయన.

బ్యారేజీ మీద వాహనాలు ఎక్కువ, నడిచే జాగా తక్కువ. గేట్ల వైపు వంగి ఫొటోలు దిగొద్దు. వరద రోజుల్లో పోలీసులు ఆపేస్తారు, ఆపడమే మంచిది. 1986 ఆగస్టులో ఇక్కడ 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022 జులైలో 25 లక్షలు దాటింది. హెచ్చరికల మట్టాలు 11.75, 13.75, 17.75 అడుగులు. పేపర్లో మొదటి హెచ్చరిక వార్త కనబడితే పడవ ప్రయాణాల ఆలోచన మానుకుని, గట్టు మీద నుంచి ఎర్రనీళ్ళు చూసి రండి.

కాటన్ మ్యూజియం

ధవళేశ్వరం వైపు, బ్యారేజీకి దగ్గర్లోనే ఉంది. 1988లో తెరిచారు. లోపల వందదాకా పాత చిత్రాలు, 15 నమూనాలు. కట్టడం ఎలా సాగిందో వరసగా చూపించే నమూనాలే దీనికి ప్రాణం. గంట పడుతుంది, పిల్లలుంటే గంటన్నర. బ్యారేజీ చూశాక వెళ్దామనుకోకండి, ముందు ఇక్కడికే రండి. నది నాలుగు పాయలుగా చీలిన నమూనా దగ్గర పది నిమిషాలు నిలబడితే, తర్వాత రోడ్డు మీద దేన్ని దాటుతున్నారో తెలుస్తుంది. రెండోది, డెల్టా కాలువల ఏర్పాటు. తూర్పు డెల్టాకు ధవళేశ్వరం దగ్గర, మధ్య డెల్టాకు బొబ్బర్లంక దగ్గర, పశ్చిమ డెల్టాకు విజ్జేశ్వరం దగ్గర కాలువల తలలున్నాయి. ఆ మూడూ గుర్తుపెట్టుకోండి, మీరు చూడబోయే లాకులు అక్కడివే.

ఆనకట్ట కట్టిన తీరు తెలుసుకోవడానికి ఈ మ్యూజియానికి పూర్తి మార్కులు. పడవల సంగతి మాత్రం కాలువ గట్టు మీదే చూడాలి. ఇది లోపమని కాదు. లాకు పనితీరు నమూనాలో కంటే నీళ్ళ పక్కన నిలబడితేనే తలకెక్కుతుంది.

లాకు: ఏం చూడాలి, ఎలా పనిచేస్తుంది

గోదావరి జిల్లాల్లో లాకు అనే మాట వినని ఊరు అరుదు. బస్సు దిగేచోటు, టీకొట్టు, సంత అన్నీ "లాకుల దగ్గరే". అంతగా అలవాటైన మాట కావడం వల్లే, అసలు అది ఏం చేసేదో అడిగేవాళ్ళు తగ్గిపోయారు.

కాలువకు వాలు ఎక్కువుంటే నీరు వడిగా పోతుంది. పొలానికి మేలే, పడవకు కష్టం. ఎదురుగా వచ్చే పడవను గట్టు మీద మనుషులు తాడు కట్టి లాగాలి, లేదా గెడ వేసి నెట్టాలి. వడి పెరిగితే అది సాధ్యం కాదు. అందుకని కాలువను దాదాపు సమతలంగా తవ్వి, మిగిలిన పల్లాన్ని కొన్ని మైళ్ళకు ఒకచోట మెట్టులా దించారు. ఆ మెట్టు దగ్గర రెండు దారులుంటాయి. నీటికి తలుపుల రెగ్యులేటరు, పడవకు లాకు. రెండూ పక్కపక్కనే. గట్టు మీద నిలబడినప్పుడు మీరు మొదట వేరుచేసి చూడాల్సింది ఇదే. నీరు హోరున దూకుతున్నది రెగ్యులేటరు. దాని పక్కన రెండు వైపులా రాతి గోడలతో, రెండు జతల తలుపులతో పొడవుగా ఉన్న గది లాకు.

తలుపుల జత తిన్నగా మూసుకోదు. రెండు రెక్కలూ ఎగువ నీటి వైపు ముక్కులా పొడుచుకుని కలుసుకుంటాయి. ఎగువ నీటి బరువే వాటిని ఒకదానికొకటి అదిమిపెడుతుంది. గొళ్ళెం అక్కర్లేదు, నీరే తాళం.

దిగువ నుంచి పడవ ఎక్కాలంటే పని ఇలా సాగుతుంది. గదిలో నీరు దిగువ కాలువ మట్టానికి ఉండగా దిగువ తలుపులు తీస్తారు, పడవ లోపలికొస్తుంది. ముందూ వెనకా తాళ్ళు గట్టు మీది గుంజలకు చుడతారు. బిగించి ముడెయ్యకూడదు. నీరెక్కుతున్నకొద్దీ తాడు చేతిలో ఉండి సవరిస్తూ పోవాలి. దిగువ తలుపులు మూశాక, ఎగువ తలుపుల అడుగున ఉండే చిన్న కిటికీ పలకలను మరతిప్పుతూ కొద్దికొద్దిగా పైకి లేపుతారు. ఒక్కసారిగా లేపితే నీరు కట్టలా వచ్చి పడవను వెనక తలుపులకు కొడుతుంది. గది నిండి ఎగువ మట్టంతో సమానమయ్యాక ఎగువ తలుపులు తీస్తారు. దిగే పడవకు ఇదే వరస తలకిందులు.

సమానమయ్యేదాకా ఆగాలన్నది మర్యాద కోసం పెట్టిన నియమం కాదు. మూడు మీటర్ల వెడల్పు రెక్క, మూడు మీటర్ల లోతు నీరు అనుకోండి. రెండువైపులా మట్టంలో 10 సెంటీమీటర్ల తేడా మిగిలినా రెక్క మీద 900 కిలోల ఒత్తిడి ఉంటుంది. నలుగురు కలిసి నెట్టినా కదలదు, గొలుసుకు మోటారు కట్టి లాగితే కీలు దెబ్బతింటుంది. అదే మట్టాలు కలిశాక లాకు చూసుకునే లస్కర్లు ఇద్దరు చాలు.

నీటి ఖర్చు కూడా లెక్కేయండి. 30 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల పల్లం ఉన్న గది ఒకసారి నిండడానికి 3 లక్షల 60 వేల లీటర్లు కావాలి. డెల్టాలో ఈ నీరు వృథా కాదు, దిగువ పొలాలకే పోతుంది. అందుకే సాగుకూ పడవకూ ఒకే కాలువ అన్న ఆలోచన ఇక్కడ అంతబాగా కుదిరింది. రైళ్ళకంటే పడవ కాలువలే ఈ దేశానికి చౌక అని కాటన్ ఇంగ్లండులో కడదాకా వాదించడానికి బలం ఇచ్చింది ఈ డెల్టాయే.

ఏవి చెడతాయో కూడా గమనించండి. ఏళ్ళ తరబడి పడవ నడవని లాకులో మొదట పూడేది తలుపు రెక్క తిరిగే గుంట. అక్కడ జానెడు ఒండ్రు పేరుకుంటే రెక్క పూర్తిగా గోడలోకి వెళ్ళదు, దారి ఇరుకవుతుంది. అడుగు గడప దగ్గర ఒక కొమ్మో రాయో ఇరుక్కుంటే రెక్కలు కలవవు, సందులోంచి నీరు ఎగజిమ్ముతుంది. చెక్క తలుపులైతే కాలువ కట్టేసిన నెలల్లో ఎండి బీటలిచ్చి, నీళ్ళు వదిలిన కొత్తలో కారతాయి. నానాక సర్దుకుంటాయి. గుర్రపుడెక్క తెట్టు కడితే కిటికీ పలకలు మూసుకుపోతాయి. ఇవన్నీ మనుషులు రోజూ చూసుకుంటే పోయే జబ్బులే.

బాగుచెయ్యడం కష్టమైన జబ్బు వేరే ఉంది: వంతెనలు. రోడ్ల కాలం వచ్చాక ఏలూరు, కాకినాడ కాలువల మీద నీటికి చాలా దగ్గరగా ఎన్నో వంతెనలు కట్టేశారు. లాకు బాగుచేసినా వాటి కింద సరుకు పడవ పట్టదు. జలమార్గం పని ఈ కాలువల్లో ముందుకు సాగకపోవడానికి ఇది పెద్ద కారణం. లాకుల మీద ప్రేమతో వచ్చేవాళ్ళు తలెత్తి వంతెనల అడుగులు కూడా చూడాలి.

ఏ లాకులకు వెళ్ళాలి

ధవళేశ్వరం హెడ్ లాకు తప్పనిసరి, నదికీ కాలువకూ మధ్య గుమ్మం అదే. వరదల్లో నది మట్టం కాలువకంటే ఎంతో ఎత్తుకు పోతుంది కాబట్టి, ఈ తలుపులు తట్టుకోవాల్సిన బరువు లోపలి లాకుల కంటే చాలా ఎక్కువ. విజ్జేశ్వరంలోనూ ఇదే ఏర్పాటు. టైముంటే రెండూ చూసి పోల్చండి.

అందంలో మొదటి స్థానం లొల్ల లాకులకు. ఆత్రేయపురం పక్కన, కొబ్బరి తోటల నడుమ, మధ్య డెల్టా కాలువ పాయలుగా విడిపోయే చోటు. సినిమావాళ్ళు ఇక్కడికి ఊరికే రారు. సంక్రాంతికి ఈ చుట్టుపక్కల కాలువలో పడవ పోటీలు పెడుతున్నారు, కాలువలో తెడ్డు చప్పుడు వినాలంటే అప్పుడు రండి. ఆత్రేయపురం పూతరేకులు కొనుక్కుంటే ఇంటికెళ్ళేదాకా అరచేతి బరువుతో నొక్కకండి, పొడైపోతాయి.

అన్నిటికంటే గొప్పది పి.గన్నవరం అక్విడక్టు. వైనతేయ పాయ మీద 49 కమానులు కట్టి, వాటి మీదుగా కాలువను అవతలి గడ్డకు నడిపించారు. అక్కడ నదికి పైన నీరు పారేది, ఆ నీటి మీద పడవలు పోయేవి. హేగ్ అనే ఇంజనీరు దీన్ని 1850ల తొలి సంవత్సరాల్లో కట్టించాడు. ఇప్పుడు నీరు పక్కనే కట్టిన డొక్కా సీతమ్మ అక్విడక్టు మీదుగా పోతోంది. పాతది దాని పక్కనే నిలబడి ఉంది. కొత్తదాని మీద నుంచి పాత కమానులన్నీ ఒకే వరసలో కనబడతాయి. ఒక్క రోజే ఉందంటే బ్యారేజీ మీద సమయం తగ్గించుకుని అయినా గన్నవరం వెళ్ళాలని గట్టిగా చెబుతాం.

ఎప్పుడు వెళ్ళాలి

అందరూ చెప్పేది నవంబరు నుంచి ఫిబ్రవరి. మడుగు నిండుగా, కాలువలు పారుతూ, ఎండ తక్కువగా ఉంటుంది. లాకులు చదవాలనుకునేవాళ్ళకు మాత్రం ఏప్రిల్ చివర, మే నెల మేలు. దాళ్వా (రెండో పంట) కోత అయ్యాక మరమ్మతులకు కాలువలు కట్టేస్తారు, జూన్‌లో మళ్ళీ వదులుతారు. ఆ మధ్యకాలంలో లాకు గది ఖాళీ అవుతుంది. తలుపుల అడుగు గడప, ముక్కులా ఉన్న రాతి అంచు, రెక్క తిరిగే గుంట, కిటికీ పలకలు అన్నీ బయటపడతాయి. నీళ్ళున్నప్పుడు పదిసార్లు చూసినా తెలియని సంగతి అప్పుడు ఒక్క చూపులో తెలుస్తుంది. ఎండ దారుణంగా ఉంటుంది కాబట్టి ఉదయం ఆరింటికే గట్టు మీద ఉండండి. గోడ అంచులకు నాచు ఆరినట్టు కనబడినా జారుతుంది. గదిలోకి మాత్రం దిగొద్దు, అడుగున ఒండ్రు మోకాలి లోతు ఉండొచ్చు.

పడవెక్కాలంటే

ఇక్కడే ఈ చోటికి మార్కులు తగ్గుతాయి. కాలువల్లో ప్రయాణికుల పడవ లేదు. ధవళేశ్వరం నుంచి ఏలూరుకు పడవలో వెళ్ళాలన్న కోరికతో వస్తే నిరాశపడతారు. రాజమహేంద్రవరం రేవుల నుంచి మడుగులో విహారపు పడవలున్నాయి. బ్యారేజీ నిలబెట్టిన నీటి మీద తేలుతున్నామన్న స్పృహతో ఎక్కితే ఆ కాసేపటికీ ఒక అర్థం వస్తుంది. ఒకప్పుడు ఇక్కడి నుంచే భద్రాచలం వైపు లాంచీలు పోయేవి. పోలవరం కట్టడం నదికి అడ్డొచ్చాక పాపికొండల పడవలు ఎగువన, గండిపోచమ్మ గుడి దగ్గర బయల్దేరుతున్నాయి. పోలవరం ఎడమ గట్టున పడవల కోసం లాకులు, సొరంగం ప్రణాళికలో ఉన్నాయి. అవి పూర్తయి పనిచేస్తేనే ధవళేశ్వరం మడుగుకు ఎగువ నదితో పాత సంబంధం తిరిగొస్తుంది.

ఎక్కడెక్కినా లైఫ్ జాకెట్ ఒళ్ళో పెట్టుకోకుండా తొడుక్కుని, నడుం పట్టీ బిగించుకోండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర లాంచీ మునిగింది వరద నీటిలోనే. పడవ నడిపే సరంగు బయల్దేరను అంటే డబ్బులు వెనక్కి తీసుకోండి, బతిమాలకండి.

ఒక రోజుకు సరిపడే వరస

ఉదయం ఏడింటికి ధవళేశ్వరం హెడ్ లాకు, ఎండెక్కక ముందే. మ్యూజియం తెరిచే వేళకు అక్కడికి. తర్వాత బ్యారేజీ మీదుగా పిచ్చుకలంక, బొబ్బర్లంక. బొబ్బర్లంక దగ్గర మధ్య డెల్టా కాలువ తల చూసి, అదే కాలువ గట్టు పట్టుకుని లొల్లకు. మధ్యాహ్నం భోజనం రావులపాలెంలో. మూడింటికల్లా గన్నవరం చేరాలి. విజ్జేశ్వరం, ఏలూరు కాలువ ఇంకో రోజుకు అట్టేపెట్టుకోండి. నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా ఆ గట్టు వెంట పోతే, నందమూరు దగ్గర ఎర్రకాలువ మీదుగా ఏలూరు కాలువ దాటే అక్విడక్టు కనబడుతుంది. గన్నవరం అంత పెద్దది కాదు గానీ కిందొక వాగు, పైనొక కాలువ పారే ఆ కూడలి దగ్గర బండి దిగి చూడాల్సిందే.